స్కానింగ్ రిపోర్టులో మూడు డెలివరీ తేదీలు ఉంటే ఏది లెక్క? మిగతా అంకెలు చదవడం ఎలా?

"ఏడో నెల స్కాన్‌లో డెలివరీ తేదీ మారిపోయింది, బిడ్డ వెనకబడిందా?" "బరువు 8 పర్సంటైల్ అని రాశారు, వెంటనే ఆపరేషన్ చేయించాలా?" "ఉమ్మనీరు 9 ఉంది, తక్కువా?" నన్ను అడిగే ప్రశ్నల్లో సగానికి పైగా ఇవే. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే కన్నా, రిపోర్టును మొదటి నుంచి చివరి దాకా ఎలా చదువుకోవాలో వరసగా రాసి పెడుతున్నాను.

ఏళ్ల తరబడి స్కానింగ్ గదిలో పనిచేశాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. చివరి నెలల రిపోర్టులు చూసి కలిగే భయాల్లో చాలావాటికి మూలం బిడ్డలో ఉండదు, తేదీలో ఉంటుంది. మొదటి మూడు నెలల్లోనే తేదీ ఖాయం చేసుకుని కాన్పు దాకా దాన్ని కదపకుండా ఉంచితే, తర్వాత వచ్చే ప్రతి అంకెకూ ఒక అర్థం ఉంటుంది. తేదీ జారిందా, అన్నీ జారతాయి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ చిన్నదిగా కనిపిస్తుంది. నిజంగా ఎదుగుదల తగ్గిన బిడ్డ మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం.

చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు: రక్తస్రావం, నీరు కారడం, బిడ్డ కదలికలు తగ్గడం లేదా ఆగడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, డొక్కల కింద పైపొట్టలో తీవ్రమైన నొప్పి, జ్వరం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రిపోర్టులో ఏముందన్నది తర్వాత సంగతి. నిన్నటి స్కాన్ బాగుందని ఇవాళ ఆగకండి.

కావలసినవి

- ఇప్పటిదాకా తీసిన స్కాన్ రిపోర్టులన్నీ, ముఖ్యంగా మొట్టమొదటిది. అది కనబడకపోతే స్కాన్ చేసిన చోట నకలు అడగండి. మెషీన్ నుంచి వచ్చే నున్నటి కాగితం మీది ఫోటోలు కొన్ని నెలలకు వెలిసిపోతాయి, అందుకే చేతికి రాగానే ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.
- చివరి నెలసరి మొదలైన రోజు తేదీ. మీ నెలసరి 28 రోజులకు అటూ ఇటూగా వచ్చేదా, 35 రోజులకో 40 రోజులకో వచ్చేదా అన్నది కూడా.
- ఐవీఎఫ్ అయితే పిండాన్ని గర్భసంచిలో పెట్టిన తేదీ, అప్పటికి పిండం వయసు 3 రోజులా 5 రోజులా అన్న వివరం.
- క్యాలెండర్, తెల్లకాగితం, పెన్ను.

1. ముందు ఒక్క తేదీ ఖాయం చేయండి

రిపోర్టులో ఈడీడీ అని ఉండేది కాన్పు అంచనా తేదీ. ఎల్ఎంపీ అంటే చివరి నెలసరి మొదటి రోజు. నెలసరి లెక్కన అయితే ఆ రోజు నుంచి 280 రోజులు. వేళ్ల మీద వేసుకోవాలంటే తొమ్మిది నెలలు, దానికి ఏడు రోజులు కలపండి. జనవరి 1 అయితే అక్టోబర్ 8. ఈ లెక్క 28 రోజుల నెలసరి ఉన్నవారికే సరిగ్గా సరిపోతుంది. 40 రోజులకొకసారి వచ్చేవారిలో అండం ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి, నెలసరి లెక్క బిడ్డను ఉన్న వయసు కన్నా పెద్దగా చూపిస్తుంది.

ఇప్పుడు మొదటి స్కాన్ రిపోర్టులో సీఆర్ఎల్ అనే కొలత వెతకండి. బిడ్డ తల నుంచి పిరుదుల దాకా ఉన్న పొడవు అది. 14 వారాల లోపు వయసు తేల్చడానికి దీన్ని మించిన కొలత లేదు. అప్పటికి అందరు బిడ్డలూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతారు, వంశం పోలికలు, మాయ పనితీరు ఇంకా తేడా చూపించవు. సీఆర్ఎల్ 84 మిల్లీమీటర్లు దాటితే బిడ్డ బాగా ముడుచుకుంటుంది కాబట్టి ఆ కొలత పనికిరాదు, తల కొలతలు చూస్తారు.

నెలసరి లెక్కకూ మొదటి స్కాన్ లెక్కకూ ఎన్ని రోజుల తేడా ఉందో చూడండి. ఏసీఓజీ అనే అమెరికా ప్రసూతి వైద్యుల సంస్థ వాడే హద్దులు ఇవి. వారాలు నెలసరి లెక్కన వేసుకోవాలి.

- 8 వారాల 6 రోజుల లోపు: తేడా 5 రోజులకు మించితే స్కాన్ తేదీ తీసుకోవాలి
- 9 వారాల నుంచి 15 వారాల 6 రోజుల దాకా: 7 రోజులకు మించితే
- 16 నుంచి 21 వారాల 6 రోజుల దాకా: 10 రోజులకు మించితే
- 22 నుంచి 27 వారాల 6 రోజుల దాకా: 14 రోజులకు మించితే
- 28 వారాలు దాటాక: 21 రోజులకు మించితే

తేడా హద్దు లోపలే ఉంటే నెలసరి తేదీయే ఉంచండి. ఈ పట్టిక మీ మొట్టమొదటి స్కాన్‌కి మాత్రమే. ఏడో నెల రిపోర్టుతో మళ్లీ ఈ లెక్క వేయకూడదు. చాలామంది తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే.

ఒక ఉదాహరణ చూద్దాం. నెలసరి జనవరి 1. మొదటి స్కాన్ మార్చి 12న. నెలసరి లెక్కన ఆ రోజుకి 10 వారాలు. సీఆర్ఎల్ ప్రకారం బిడ్డ వయసు 8 వారాల 4 రోజులు. తేడా 10 రోజులు, హద్దు 7. కాబట్టి అక్టోబర్ 8 కొట్టేసి అక్టోబర్ 18 రాసుకోవాలి. ఇక ఆ కాగితం మీద మరో తేదీ రాకూడదు.

ఐవీఎఫ్ వారికి ఈ తకరారు లేదు. 5 రోజుల పిండాన్ని పెట్టిన తేదీకి 261 రోజులు, 3 రోజుల పిండం అయితే 263 రోజులు కలపండి. స్కాన్ ఏం చెప్పినా ఆ తేదీ మారదు.

మొదటి స్కానే 28 వారాల తర్వాత తీసినవారి విషయం వేరు. అప్పుడు బిడ్డ చిన్నదిగా ఉంటే వయసు తక్కువా, ఎదుగుదల తక్కువా అన్నది ఒక్క స్కాన్‌తో తేలదు. రెండు మూడు వారాల తర్వాత మరో స్కాన్ తీసి ఎంత పెరిగిందో చూడటమే దారి. ఆ స్కాన్ ఎప్పుడన్నది డాక్టర్‌ని అడిగి రాసుకోండి.

తేదీ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2019లో ప్రచురించిన స్వెపిస్ అనే స్వీడన్ పరిశోధనలో 41 వారాలకు నొప్పులు తెప్పించినవారినీ, 42 వారాల దాకా ఆగినవారినీ పోల్చారు. ఆగినవారిలో 6 గురు శిశువులు చనిపోయారు, రెండో వైపు ఒక్కరూ లేరు. పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. ఇలాంటి మరణాలు అరుదే. అయినా చివర్లో ఒక్క వారం ఎంత బరువైనదో దీన్నిబట్టి అర్థమవుతుంది. 40 వారాలనుకున్నది నిజానికి 41 అయితే, మీరు ఆగకూడని చోట ఆగుతున్నారు. 38 అనుకున్నది నిజానికి 36 అయితే, బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా సిద్ధం కాకుండానే బయటికి తెస్తున్నారు.

2. తెల్లకాగితం మీద గీతలు గీయండి

పైన పెద్ద అక్షరాలతో ఖాయమైన కాన్పు తేదీ. కింద స్కాన్ తేదీ, ఆ రోజుకి అసలు వయసు, అంచనా బరువు, పర్సంటైల్ (అదే వయసున్న బిడ్డల్లో మీ బిడ్డ స్థానం), పొట్ట చుట్టుకొలత, ఉమ్మనీరు, డాప్లర్ (బొడ్డుతాడులో రక్తప్రవాహం కొలత) అని గళ్లు. అసలు వయసు ఇలా తీయాలి: స్కాన్ రోజు నుంచి కాన్పు తేదీకి ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టి 280లోంచి తీసేయండి. వచ్చినదాన్ని 7తో భాగిస్తే వారాలు, మిగిలినవి రోజులు.

మన ఉదాహరణలో ఆగస్టు 10న స్కాన్ తీశారనుకోండి. అక్టోబర్ 18కి ఇంకా 69 రోజులు. 280లోంచి తీసేస్తే 211, అంటే 30 వారాల 1 రోజు.

3. మెషీన్ సొంతంగా వేసే తేదీని పక్కన పెట్టండి

రిపోర్టులో ఏయూఏ అనో, సగటు స్కాన్ వయసు అనో ఉంటుంది. ఆ రోజు కొలిచిన తల, పొట్ట, తొడ ఎముక ఎన్ని వారాల బిడ్డకు సగటున ఉంటాయో మెషీన్ చెబుతుంది, దాన్నిబట్టి తనంతట తానే మరో కాన్పు తేదీ అచ్చు వేస్తుంది. అది మీ కాన్పు తేదీ కాదు. బిడ్డ ఎంత ఉందో చెప్పే మరో పద్ధతి, అంతే.

ఆగస్టు 10 రిపోర్టులో సగటు వయసు 29 వారాలు, బరువు 1400 గ్రాములు అని వచ్చిందనుకుందాం. అప్పుడు కాగితం మీద మూడు తేదీలు పక్కపక్కనే ఉంటాయి: నెలసరి లెక్కన అక్టోబర్ 8, మొదటి స్కాన్ లెక్కన అక్టోబర్ 18, ఈ రోజు కొలతల లెక్కన అక్టోబర్ 26. మొదటిది పట్టుకుంటే ఆ రోజుకి 31 వారాల 4 రోజులు. ఏ వయసుకి ఎంత బరువుండాలో చూపే హాడ్‌లాక్ పట్టికలో 1400 గ్రాములు ఆ వయసుకి 10వ పర్సంటైల్ కన్నా బాగా కిందికి పడుతుంది. ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. రెండోది పట్టుకుంటే 30 వారాల 1 రోజు, అదే బరువు 10కి హాయిగా పైనే ఉంటుంది. మూడోది పట్టుకుంటే బిడ్డ సరిగ్గా సగటు. ఇక ప్రతి స్కాన్‌కీ ఇలా కొత్త తేదీ పట్టుకుంటూ పోతే ఏ బిడ్డా ఎప్పటికీ వెనకబడినట్టు తేలదు. ఎదుగుదల నిజంగా ఆగిపోతున్నా సరే. అందుకే రెండోది, మొదటి స్కాన్‌తో ఖాయమైనదే.

రిపోర్టులో పర్సంటైల్ ఏ తేదీ మీద లెక్కగట్టారో చూడండి. స్కాన్‌కి వెళ్లినప్పుడు నెలసరి తేదీ మాత్రమే చెబితే మెషీన్‌లో అదే ఎక్కుతుంది. మొదటి రిపోర్టు బల్ల మీద పెట్టి "కాన్పు తేదీ దీని ప్రకారం వేయండి" అని అడగండి. కొలతలు మళ్లీ తీయనవసరం లేదు, తేదీ మారిస్తే పర్సంటైల్ దానంతటదే మారుతుంది.

4. బరువు చదవండి, కానీ గ్రాముల దాకా నమ్మకండి

బీపీడీ అంటే తల అడ్డం కొలత, హెచ్‌సీ తల చుట్టుకొలత, ఏసీ పొట్ట చుట్టుకొలత, ఎఫ్ఎల్ తొడ ఎముక పొడవు. ఈఎఫ్‌డబ్ల్యూ అంటే వీటితో కట్టిన అంచనా బరువు. చాలా మెషీన్లలో వాడేది ఫ్రాంక్ హాడ్‌లాక్ బృందం 1985లో ఇచ్చిన సూత్రం. బిడ్డను ఎవరూ తూకం వేయలేదు. నాలుగు కొలతలు తీసి సూత్రంలో పెట్టారు. అది 15 శాతం దాకా అటూ ఇటూ కావచ్చు. 3000 గ్రాములని రాస్తే 2550 నుంచి 3450 దాకా ఏదైనా కావచ్చు.

కొలత ఎలా తీస్తారో కళ్లకు కట్టినట్టు చెబితే ఈ తేడా ఎక్కణ్నుంచి వస్తుందో తెలుస్తుంది. ఈ నాలుగింటిలో అతి ముఖ్యమైంది, అతి కష్టమైంది పొట్ట చుట్టుకొలత. తెర మీద బిడ్డ పొట్ట అడ్డంగా కోసిన నారింజపండులా గుండ్రంగా రావాలి. వెన్నెముక ఒక పక్క తెల్లగా మెరవాలి, జీర్ణాశయం నల్లటి చిన్న బుడగలా కనపడాలి, కాలేయంలోకి వంపు తిరిగిన సిర కొక్కెంలా కనపడాలి. అవన్నీ ఒక్క చట్రంలోకి వచ్చిన క్షణంలో ఫ్రీజ్ నొక్కి చుట్టూ గీత గీయాలి. ఈలోగా తల్లి ఊపిరి పీలుస్తుంది, బిడ్డ కాలు విదిలిస్తుంది. కోత కాస్త ఏటవాలుగా పడిందంటే గుండ్రం కాస్తా కోడిగుడ్డు అవుతుంది. గీత పొడుగు పెరుగుతుంది, దాంతో బరువూ పెరుగుతుంది. మంచి చేతివాటం ఉన్నవాళ్లు కూడా రెండు మూడు సార్లు కొలిచి సగటు తీసుకునేది ఇందుకే. మీ రిపోర్టుతో ఫోటోలిస్తే పొట్ట ఫోటో చూడండి. ఆకారం గుండ్రంగా ఉందా, నల్లటి బుడగ కనిపిస్తోందా అన్నది ఎవరికైనా తెలుస్తుంది.

పర్సంటైల్ మార్కుల శాతం కాదు. 20వ పర్సంటైల్ అంటే అదే వయసున్న 100 మంది బిడ్డల్లో 20 మంది మీ బిడ్డ కన్నా చిన్నవాళ్లు, 80 మంది పెద్దవాళ్లు. 10 కన్నా తక్కువ ఉన్నవాళ్లలో చాలామంది ఆరోగ్యంగానే ఉంటారు, అమ్మానాన్నలు చిన్నగా ఉంటే బిడ్డా చిన్నగా ఉండొచ్చు. అయితే మాయ సరిగ్గా పనిచేయక ఎదుగుదల తగ్గిన బిడ్డలు కూడా ఈ గుంపులోనే ఉంటారు. వాళ్లను వేరుచేయడానికే తర్వాతి మెట్లు.

2016లో నిపుణులు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం బరువు గానీ పొట్ట చుట్టుకొలత గానీ 3 కన్నా తక్కువైతే, మరో కారణం లేకపోయినా దాన్ని ఎదుగుదల లోపం కిందే లెక్కిస్తారు. 3కీ 10కీ మధ్య ఉంటే డాప్లర్‌లో తేడా గానీ, ఆఖరి నెలల్లో అయితే పర్సంటైల్ బాగా పడిపోవడం గానీ తోడవ్వాలి.

జాగ్రత్త పడాల్సిన మూడు చోట్లు:

- తల అడ్డం కొలత మాత్రమే తగ్గి, చుట్టుకొలత బాగుంటే తల ఆకారం కాస్త పొడుగ్గా ఉందని అర్థం. ఎదురుకాళ్లుగా ఉన్న బిడ్డల్లో ఇది మామూలు.
- ఒక చోట హాడ్‌లాక్ పట్టిక, ఇంకో చోట ఇంటర్‌గ్రోత్ పట్టిక వాడితే ఒకే బరువుకి వేరువేరు పర్సంటైల్స్ వస్తాయి. గ్రాములను గ్రాములతో పోల్చండి, లేదా రెండింటినీ ఒకే పట్టికలో పెట్టమనండి.
- "బిడ్డ పెద్దదైంది, 4 కిలోలు" అన్నదానికి కూడా అదే 15 శాతం వర్తిస్తుంది. పెద్ద బిడ్డల దగ్గరే ఈ అంచనా ఎక్కువగా తప్పుతుంది.

5. ఒక్క చుక్క చాలదు, రెండు చుక్కలు కలిపి గీత చూడండి

మీ కాగితంలో రెండు స్కాన్‌ల పర్సంటైల్స్ పక్కపక్కన పెట్టండి. 12, తర్వాత 11, తర్వాత 13 అయితే బిడ్డ చిన్నదే కానీ తన దారిలో తాను పెరుగుతోంది. 60 నుంచి 9కి జారితే సంగతి వేరు. 9 అన్నది 12కి దగ్గరే కదా అనుకోవద్దు. 50 పాయింట్లకు మించి పడిపోవడం ఆఖరి నెలల్లో గట్టి హెచ్చరిక. బరువు ఇంకా 10కి పైనే ఉన్నా, 75 నుంచి 20కి పడితే నేనైతే ఊరుకోను, డాప్లర్ చూశారా అని అడుగుతాను.

రెండు స్కాన్‌ల మధ్య కనీసం రెండు వారాలు, వీలైతే మూడు వారాలు ఉండాలి. వారం తిరక్కుండానే మళ్లీ బరువు చూపించుకుని "50 గ్రాములే పెరిగింది" అని కంగారుపడేవాళ్లు ఎందరో. 30 వారాల తర్వాత బిడ్డ వారానికి సుమారు 200 గ్రాములు పెరుగుతుంది. 2 కిలోల బిడ్డ దగ్గర కొలత పొరపాటే 300 గ్రాముల దాకా ఉంటుంది. వారంలో వచ్చిన పెరుగుదలను ఆ పొరపాటు మింగేస్తుంది. డాప్లర్, ఉమ్మనీరు మాత్రం అవసరమైతే వారంలో రెండు మూడు సార్లు కూడా చూస్తారు, అది వేరే సంగతి.

వీలైతే అన్ని ఎదుగుదల స్కాన్‌లూ ఒకేచోట తీయించుకోండి. వీలుకాకపోతే పాత రిపోర్టు తప్పకుండా చూపించండి.

6. ఉమ్మనీరు

రెండు పద్ధతులున్నాయి. ఏఎఫ్ఐ అంటే పొట్టను నాలుగు భాగాలు చేసి ఒక్కోదాంట్లో నీటి లోతు కలిపింది. 5 నుంచి 24 సెంటీమీటర్ల దాకా మామూలు. ఎస్‌డీపీ అంటే అన్నిటికన్నా లోతైన ఒక్క మడుగు. 2 నుంచి 8 సెంటీమీటర్ల దాకా మామూలు. ఒకదాని హద్దు ఇంకోదానికి వేయకండి. ఎస్‌డీపీ 4 చూసి "5 కన్నా తక్కువ" అని ఏడ్చినవారిని చూశాను. అది చక్కగా ఉన్న నీరు.

రెండింటినీ పోల్చిన పరిశోధనలను కలిపి చూసిన కొక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్షలో, ఏఎఫ్ఐ వాడితే నీరు తక్కువన్న ముద్ర, నొప్పులు తెప్పించడం పెరిగాయి కానీ బిడ్డలకు అదనంగా మేలు జరగలేదు. కాబట్టి ఏఎఫ్ఐ 5 దగ్గర తచ్చాడుతుంటే "లోతైన మడుగు ఎంతుంది?" అని అడగడం న్యాయమైన ప్రశ్న.

ఏఎఫ్ఐ పోయినసారి 14, ఈసారి 10 అయితే కంగారు వద్దు. బిడ్డ పడుకున్న తీరుని బట్టి, ప్రోబ్ ఎంత నొక్కారన్న దాన్ని బట్టి అంత తేడా వస్తుంది. నిజంగా నీరు తగ్గితే అడగాల్సిన మొదటి సంగతి: కారిపోతోందా? లోదుస్తులు తడుస్తుంటే, అది మూత్రమేమో అని మీకు మీరే తేల్చుకోకండి, చూపించుకోండి.

7. డాప్లర్: తేదీ తర్వాత అతి ముఖ్యమైన పేజీ

బొడ్డుతాడులో రక్తం ఎంత సాఫీగా మాయలోకి వెళ్తోందో ఇది చెబుతుంది. ఎదుగుదల లోపం, అధిక రక్తపోటు లాంటి ముప్పు ఉన్న గర్భాల్లో బొడ్డు ధమని డాప్లర్ వాడితే శిశుమరణాలు సుమారు 29 శాతం తగ్గాయని కొక్రేన్ సమీక్ష తేల్చింది. ఏ ముప్పూ లేనివారికి ఊరికే తీస్తే అలాంటి మేలు కనిపించలేదు. అందుకని అందరికీ అక్కర్లేదు, బరువు తక్కువ అన్నవారికి మాత్రం తప్పనిసరి.

చూడాల్సిన వరస:

- బొడ్డు ధమనిలో రక్తానికి ఎంత అడ్డు ఎదురవుతోందో చెప్పే పీఐ అన్న అంకె ఆ వయసుకి 95వ పర్సంటైల్ లోపు ఉందా? పీఐ వయసుతో పాటు తగ్గుతుంది, అందుకే ఇక్కడా సరైన తేదీ కావాలి.
- మెదడు ధమని, అంటే ఎంసీఏ చూశారా? మాయ నుంచి అందేది తగ్గితే బిడ్డ మెదడుకు రక్తం మళ్లించుకుంటుంది. మెదడు ధమని పీఐని బొడ్డు ధమని పీఐతో భాగిస్తే వచ్చే సీపీఆర్ అనే నిష్పత్తి 5వ పర్సంటైల్ కిందికి పడటం దాని గుర్తు.
- గుండె కొట్టుకోవడాల మధ్య ప్రవాహం ఆగిపోయిందని, లేదా వెనక్కి మళ్లిందని రాశారా? ఎండ్ డయాస్టాలిక్ ఫ్లో అన్న మాట పక్కన 'ఆబ్సెంట్' గానీ 'రివర్స్' గానీ ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రేపటి అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు.

ఒక్కసారి పీఐ కాస్త ఎక్కువ వచ్చిందంటే బిడ్డ ఆ క్షణంలో కదులుతోందేమో, ఊపిరి తీసినట్టు చేస్తోందేమో. బిడ్డ నిమ్మళించాక మళ్లీ కొలవమని అడగొచ్చు.

8. పేగు, మాయ, తల ఎటుంది

మెడకు పేగు చుట్టుకుందన్న మాట వినగానే ఇంట్లో పెద్దవాళ్లు ఆపరేషన్ అంటారు. పుట్టే ప్రతి నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి మెడలో పేగు ఉంటుంది. అది చుట్టుకుంటుంది, విడిపోతుంది. బిడ్డకు ఆక్సిజన్ మాయ నుంచి పేగు ద్వారా వస్తుంది, గొంతు ద్వారా కాదు. కాబట్టి మెడ బిగుసుకుని ఊపిరాడదన్న ఊహ సరికాదు. దానికోసమే ఆపరేషన్ అక్కర్లేదు, నొప్పుల సమయంలో గుండె చప్పుడు గమనిస్తే చాలు.

'గ్రేడ్ 3 మాయ' అన్నది మాయలో సున్నం మచ్చలు ఎంత ఉన్నాయన్న వర్ణన, 1979 నాటి పద్ధతి. 37 వారాలకు అది మామూలే. 30 వారాలకే కనిపిస్తే బరువు, డాప్లర్ చూసి నిర్ణయిస్తారు.

మాయ కిందికి ఉందని ఐదో నెలలో రాస్తే, గర్భసంచి కింది భాగం సాగేకొద్దీ చాలామందిలో అది పైకి జరుగుతుంది. 32 వారాల దగ్గర మళ్లీ చూపించుకోండి. గర్భసంచి ముఖద్వారానికి మాయ అంచు 20 మిల్లీమీటర్ల కన్నా దూరం ఉంటే దిగులు లేదు. ఈ కొలతను యోని ద్వారా చేసే స్కాన్‌తో తీయడం సురక్షితం, కచ్చితం. పాత సిజేరియన్ మచ్చ మీద మాయ అతుక్కుని ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అలాంటి కాన్పులు చేసే పెద్ద ఆసుపత్రిలో ముందే పేరు నమోదు చేసుకోండి.

28 వారాలకు ఎదురుకాళ్లుగా ఉండటం మామూలు, నెలలు నిండేసరికి 100కి 3, 4గురే అలా మిగులుతారు. 36 వారాలు దాటినా తిరగకపోతే, పొట్ట మీద నుంచి బిడ్డను తిప్పే ప్రయత్నం మీకు కుదురుతుందా అని అడగండి. సుమారు సగం మందిలో అది ఫలిస్తుంది.

9. ఐదో నెల స్కాన్‌లో భయపెట్టే పేర్లు

గుండెలో తెల్లటి చుక్క, మెదడులో కొరాయిడ్ ప్లెక్సస్ నీటితిత్తి: ఇవి లోపాలు కావు, డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ తేడాల అవకాశాన్ని లెక్కగట్టడానికి చూసే గుర్తులు. ఆ తేడాల కోసం మొదటి మూడు నెలల్లో చేసే స్క్రీనింగ్ పరీక్షలో ముప్పు తక్కువని వచ్చి, మిగతా స్కాన్ అంతా బాగుండి, ఇదొక్కటే కనిపిస్తే సాధారణంగా దాన్ని పట్టించుకోరు. స్క్రీనింగే చేయించుకోకపోతే ఆ మాట ఇప్పుడే డాక్టర్‌తో చెప్పండి. కిడ్నీలో మూత్రం చేరే సంచి వెడల్పు 28 వారాల లోపు 4 మిల్లీమీటర్లు, ఆ తర్వాత 7 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే మళ్లీ స్కాన్ తీసి చూస్తారు, పుట్టాక కూడా ఒకసారి చూపించాలి.

10. సరిగ్గా చదివారో లేదో సరిచూసుకోండి

కాగితం ఇంట్లో మరొకరి చేతికిచ్చి మూడు సంగతులు అడగండి. పైనున్న కాన్పు తేదీ మొదటి మెట్టులో ఖాయం చేసినదేనా? ప్రతి గడిలో వయసు ఆ ఒక్క తేదీ నుంచే వచ్చిందా? రెండు స్కాన్‌ల మధ్య రోజులు లెక్కపెడితే వయసుల తేడా కూడా సరిగ్గా అన్నే రోజులు ఉందా? మూడోది తప్పితే ఎక్కడో మెషీన్ తేదీ దూరింది, వెనక్కి వెళ్లి వెతకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "బిడ్డ బాగుందా?" అని మాత్రమే అడిగితే "బాగుంది" అన్న మాట మాత్రమే వస్తుంది. ఇలా అడగండి: నా కాన్పు తేదీ ఏ స్కాన్ ప్రకారం పెట్టారు? ఈ పర్సంటైల్ ఆ తేదీ మీద లెక్కేసిందేనా? పోయినసారితో పోలిస్తే గీత ఎటు పోతోంది? డాప్లర్ అవసరమా? మళ్లీ స్కాన్ ఎప్పుడు, దేనికోసం?

ఏ రిపోర్టూ చెప్పలేనిది బిడ్డ కదలిక. 28 వారాల నుంచి మీ బిడ్డ ఎప్పుడు ఎక్కువ తంతుందో, ఎప్పుడు నెమ్మదిస్తుందో మీకే తెలుస్తుంది. నెలలు నిండాక చోటు చాలక కదలికలు తగ్గుతాయన్న మాట నిజం కాదు. ఇంట్లో పెట్టుకునే గుండె చప్పుడు యంత్రాలతో ధైర్యం తెచ్చుకోవద్దు. అందులో వినపడేది మీ నాడి కావచ్చు, మాయలోని రక్తపు హోరు కావచ్చు. పైగా గుండె కొట్టుకుంటున్నంత మాత్రాన బిడ్డ క్షేమమని కాదు.

36 వారాలు రాగానే ఈ కాగితాన్నీ, మొట్టమొదటి స్కాన్ రిపోర్టు నకలునూ కాన్పు సంచిలో బట్టల మీద, అందరికీ కనబడేలా పెట్టండి. అర్ధరాత్రి నొప్పులు వస్తే అక్కడుండే డాక్టర్ మిమ్మల్ని మునుపెన్నడూ చూసి ఉండరు. ఆవిడ అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని వారాలమ్మా?" అన్నదే. అప్పుడు మీ పక్కనున్నవాళ్లు ఫోన్లో వెతుక్కోకుండా ఆ కాగితం తీసి ఇవ్వగలగాలి.